మూతపడబోయే హోటళ్ళను వారంలో నిలబెట్టే టీవీ షోలు: చూసేవాళ్ళు, నడిపేవాళ్ళు ఏమంటారు?

కాకతీయ_తోరణం

మూడు వారాలుగా మా ఇంట్లో రాత్రి భోజనాల టైమ్‌కి బ్రిటన్ షెఫ్ గోర్డన్ రామ్‌సే 'కిచెన్ నైట్‌మేర్స్' తప్ప ఇంకోటి నడవడం లేదు. నష్టాల్లో ఉన్న హోటల్‌కి ఆయన వెళ్తాడు, తిని బాగోలేదంటాడు, ఫ్రిజ్ తెరిచి కుళ్ళిన మాంసం బయటపెడతాడు, ఓనర్‌తో గొడవ, ఏడుపులు, రాత్రికి రాత్రి రంగులు మారి కొత్త మెనూ వస్తుంది, మర్నాడు జనం కిటకిట. చూస్తుంటే బాగానే ఉంటుంది.

నా బాధ వేరు. హన్మకొండలో మా బావ హోటల్ ఉంది, 40 సీట్లు, ఏడాదిన్నరగా నష్టం. ఆయన కూడా ఇవి చూసి 12 లక్షలు లోన్ తీసుకుని లోపలంతా మార్చేస్తానంటున్నాడు. "వాళ్ళు వారంలో చేశారు, మనం నెలలో చేయలేమా" అని అడుగుతున్నాడు. అక్క నగలు పెట్టడానికి కూడా సిద్ధపడింది. నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. ఇలాంటి షోలు చూసినవాళ్ళు, హోటల్ లైన్‌లో ఉన్నవాళ్ళు దయచేసి మనసులో ఉన్నది చెప్పండి. టీవీలో చూపించే మార్పు నిజంగా హోటల్‌ని నిలబెడుతుందా?

ట్రెంట్_నది_ఒడ్డున

నేను నాటింగ్‌హామ్‌లో చదువుకున్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. మీరు చూస్తున్నది అమెరికా వెర్షన్, 2007లో ఫాక్స్ ఛానల్‌లో మొదలైంది. అసలుది దానికంటే మూడేళ్ళ ముందే, 2004లో బ్రిటన్ ఛానల్ 4లో వచ్చింది. రెండింటికీ చాలా తేడా ఉంది. బ్రిటన్‌దాంట్లో ఆ గుండెలదిరే మ్యూజిక్ ఉండదు, రాత్రికి రాత్రి గోడలు మార్చడం పెద్దగా ఉండదు. వెనకాల మాట కూడా రామ్‌సేదే, కూర్చోబెట్టి చెప్తున్నట్టు ఉంటుంది. ఎక్కువగా వంటగదిలోనే ఉంటాడు. మొదటి ఎపిసోడ్ యార్క్‌షైర్‌లో బోనపార్ట్స్ అనే చిన్న రెస్టారెంట్. పెద్ద పెద్ద వంటకాలు చేస్తానన్న కుర్ర షెఫ్‌ని ఒక ఆమ్లెట్ వెయ్యమంటే సరిగ్గా రాలేదు. ఆ ఒక్క సీన్‌లో రోగమేంటో తెలిసిపోతుంది. కానీ ఆ హోటల్ తర్వాత నిలబడలేదు, అది కూడా మీ బావగారికి చెప్పండి.

నాటింగ్‌హామ్‌లో కర్రీ లౌంజ్ అనే ఇండియన్ రెస్టారెంట్‌కి కూడా 2007లో వెళ్ళాడు. అక్కడ మెనూ మరీ పెద్దది, పైగా కస్టమరే ఇది కలుపు అది కలుపు అని తన కూర తనే తయారుచేయించుకోవచ్చు. వంటవాళ్ళు తల పట్టుకున్నారు. దాన్ని తగ్గించి, వాళ్ళకి బాగా వచ్చినవి చెయ్యమన్నాడు. ఆ హోటల్ షో అయిపోయాక కూడా చాలా ఏళ్ళు నడిచింది. మీ బావగారు చూడాల్సిన ఎపిసోడ్ అది, అమెరికావి కాదు.

ప్లైవుడ్_పని

నేను ఇంటీరియర్ వర్క్ కాంట్రాక్టులు చేస్తాను. 'రెస్టారెంట్: ఇంపాజిబుల్' అని ఇంకో షో ఉంది, 2011 నుంచి ఫుడ్ నెట్‌వర్క్‌లో వచ్చింది. రాబర్ట్ అర్విన్ అనే షెఫ్, రెండు రోజుల టైమ్, పదివేల డాలర్ల బడ్జెట్. అక్కడ ఊరివాళ్ళు వచ్చి ఉచితంగా రంగులు వేస్తారు, బల్లలు మోస్తారు. ఆ కూలీ మీరు లెక్కవేస్తే పదివేలు ఎక్కడ సరిపోతుంది? మనకి కార్పెంటర్, పెయింటర్, ఎలక్ట్రీషియన్ ఎవరూ ఊరికే రారు. ఫాల్స్ సీలింగ్ వేయిస్తే వంటగది పొగ సరిగ్గా బయటికి పోకపోతే ఆరు నెలల్లో జిడ్డు పట్టి నల్లబడుతుంది. నా కస్టమర్లలో చాలామంది డబ్బు హాల్లో పెట్టి చిమ్నీ, ఎగ్జాస్ట్ దగ్గర పొదుపు చేస్తారు. నేను వద్దని చెప్తాను. నాకు పని తగ్గినా పర్వాలేదు.

12 లక్షలు పెట్టాలనే ఉంటే ముందు వంటగది నేల, డ్రైనేజీ, ఎగ్జాస్ట్. హాలు చివర.

కూకట్‌పల్లి_కర్రీపాయింట్

బ్రదర్, నేను పదకొండేళ్ళుగా ఈ లైన్‌లో ఉన్నాను. ముందు రెండేళ్ళు హోటల్ పెట్టి పోగొట్టుకున్నాను, ఇప్పుడు కర్రీ పాయింట్ నడుస్తోంది. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపికగా చదవండి.

ఆ షోలు నేనూ చూశాను, కొన్ని రెండుసార్లు చూశాను. వాటిలో నిజం ఎక్కువ ఫ్రిజ్ దగ్గర ఉంది. డీప్ ఫ్రీజర్ తెరిచినప్పుడు ఏ డబ్బా మీదా తేదీ ఉండదు చూశారా, అది మన దగ్గరా అంతే. 2024లో తెలంగాణ ఫుడ్ సేఫ్టీ వాళ్ళు హైదరాబాద్‌లో వరసగా తనిఖీలు చేసి ఫోటోలు ట్విట్టర్‌లో పెట్టారు కదా, పెద్ద పెద్ద హోటళ్ళలో కూడా లేబుల్ లేని డబ్బాలు, గడువు తీరిన సరుకు, వెజ్ నాన్‌వెజ్ ఒకే చోట. అవి చూసినరోజు రాత్రి నేను నా ఫ్రీజర్ మొత్తం ఖాళీ చేయించాను. తొమ్మిది కిలోల సరుకు పారేశాం. కడుపు తరుక్కుపోయింది. కానీ ఆ నెల నుంచి కొనే లెక్క మారింది, ఎందుకంటే ఎంత కొని ఎంత పారేస్తున్నానో అప్పటిదాకా నాకే తెలియదు.

మెనూ సంగతి. నా హోటల్‌లో 130 ఐటమ్స్ ఉండేవి. ఆంధ్ర, చైనీస్, తందూరి, అన్నీ. ఎవరొచ్చి ఏం అడిగినా లేదనకూడదని నా పట్టుదల. దానికోసం మూడు రకాల గ్రేవీలు రోజూ చేసి పెట్టాలి, తందూరి మాస్టర్ వేరే, చైనీస్ మాస్టర్ వేరే, వాళ్ళిద్దరి జీతం గల్లాపెట్టెలో సగం తినేసేది. రోజుకి తందూరి ఆర్డర్లు ఎన్నో తెలుసా, ఆరో ఏడో. ఆ ఆరింటికోసం పొద్దుట్నుంచి రాత్రిదాకా బొగ్గులు రగలాలి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదేమో. ఇప్పుడు కర్రీ పాయింట్‌లో రోజుకి పద్నాలుగు కూరలు, రెండు వేపుళ్ళు, పప్పు, సాంబారు, పెరుగు. రాత్రి తొమ్మిదిన్నరకి గిన్నెలు ఖాళీ.

ఇక ఆ షోలు చూపించనిది అద్దె. అప్పు. చిట్టీ పాడి తెచ్చిన డబ్బు, మూడు రూపాయల వడ్డీ. రామ్‌సే వచ్చి రంగులేసి వెళ్ళిపోతాడు, బిల్డింగ్ ఓనర్ ఒకటో తారీఖున వస్తాడు. ఆయన వెళ్ళిన హోటళ్ళలో చాలా వరకు తర్వాత మూతపడ్డాయి, దానికి రామ్‌సేని తప్పు పట్టను, అవి అప్పటికే పీకల్లోతు అప్పుల్లో ఉన్నవి, పైగా 2008లో అమెరికా అంతా కుదేలయింది.

మీ బావగారి లెక్కలు ఇక్కడ పెట్టండి. నెల అమ్మకం, అద్దె, జీతాలు, సరుకు, గ్యాస్, కరెంటు. పేర్లు అవసరం లేదు.

తెనాలి_అమ్మాయి

కర్రీపాయింట్ అన్నగారు రాసింది చదివి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మా నాన్న టిఫిన్ హోటల్ నడిపేవారు. నాన్న చేతి ఉప్మా పెసరట్టు కోసం పొద్దున్నే ఆరింటికి జనం నిలబడేవాళ్ళు. తర్వాత ఎవరో చెప్పారని మధ్యాహ్నం భోజనాలు పెట్టారు, సాయంత్రం నూడుల్స్ పెట్టారు. రాత్రి పదకొండుకి ఇంటికొచ్చి మళ్ళీ తెల్లవారుజామున మూడింటికి పిండి రుబ్బడానికి వెళ్ళేవారు. అలసిపోయిన చేతితో చేస్తే చట్నీ రుచి మారింది. అమ్మ చెప్పింది. ఆయనకి కోపం వచ్చింది, పది రోజులు మాట్లాడలేదు.

అందుకే నేను ఆ షోలలో మేకోవర్ భాగం కన్నా మధ్యలో వచ్చే భాగం చూస్తాను. ఓనర్‌ని పక్కకి తీసుకెళ్ళి నువ్వు ఎందుకు మొదలుపెట్టావు, ఎప్పుడు ఇష్టం పోయింది అని అడుగుతాడు కదా. చాలామంది దాన్ని డ్రామా అంటారు. నాకు అది డ్రామాలా అనిపించదు. బయటివాడు ఒకడు వచ్చి "నీ వంట బాగోలేదు" అని మొహం మీద చెప్పాలి. ఇంట్లోవాళ్ళు చెప్తే వినరు, కస్టమర్ చెప్పడు, మళ్ళీ రాడు అంతే. మా నాన్నకి అలా ఎవరైనా చెప్పి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను.

కాకతీయ గారూ, మీ బావగారికి వంట వచ్చా? ఆయనే చేస్తారా, మాస్టర్ మీద ఆధారపడతారా? ఇంటీరియర్ కన్నా ముందు నేను అడిగేది ఇది.

పాత_సర్వర్

అందరూ ఓనర్ గురించే మాట్లాడుతున్నారు. నేను హోటల్‌లో ఆరేళ్ళు సర్వర్‌గా చేశాను. ఆ షోలలో కెమెరా ముందు వంటవాణ్ణి, సర్వర్‌ని తిడతారు. ఓనర్ పాత చేపలు కొనిపెడితే వండినవాడు దోషి అవుతాడా? వాడికి ఉద్యోగం పోతే ఎవరు చూస్తారు? జీతం రెండు నెలలు ఆపిన ఓనర్ ఏడిస్తే మనం జాలిపడతాం, జీతం రానివాడి ఇల్లు మనకి చూపించరు. నాకు ఆ షోలు నచ్చవు.

ట్రెంట్_నది_ఒడ్డున

పాత సర్వర్ గారు చెప్పింది న్యాయం. కానీ ఒక్కటి, అన్ని ఎపిసోడ్లూ అలా ఉండవు. వంటవాడి తప్పు కాదు, ఓనర్‌ది తప్పు అని రామ్‌సే మొహం మీదే చెప్పినవి చాలా ఉన్నాయి. 2013లో అరిజోనాలో ఏమీస్ బేకింగ్ కంపెనీ ఎపిసోడ్ గురించి వినే ఉంటారు. అక్కడ సర్వర్లకి కస్టమర్లు ఇచ్చిన టిప్పులు ఓనర్లే తీసుకునేవాళ్ళు. అది ఆయనే బయటపెట్టాడు. చివరికి వీళ్ళతో కాదని మధ్యలోనే వెళ్ళిపోయాడు, ఆయన అలా వదిలేసి వెళ్ళడం అదే మొదటిసారి.

అలాగే అంతా కల్పితం అని కొట్టిపారేసేవాళ్ళకి: బోనపార్ట్స్ ఎపిసోడ్‌లో సీన్లు కావాలని పెట్టారని లండన్ పేపర్ ఒకటి రాస్తే రామ్‌సే పరువునష్టం దావా వేసి 2006లో 75 వేల పౌండ్లు గెలిచాడు. ఎడిటింగ్‌లో మసాలా ఉంటుంది, అది నేనూ ఒప్పుకుంటాను.

జెర్సీ_గుంటూరోడు

డిల్లన్స్ ఎపిసోడ్ ఎవరూ ఎత్తలేదు. న్యూయార్క్ మన్‌హట్టన్‌లో, ఒకే హోటల్‌లో అమెరికన్, ఐరిష్, ఇండియన్ మూడూ అమ్మేవాళ్ళు. రామ్‌సే మిగతావి తీసేయించి ఇండియన్ ఒక్కటే ఉంచి, పేరు పూర్ణిమ అని మార్చాడు. సాయానికి వచ్చిన షెఫ్ ఎవరో తెలుసా, వికాస్ ఖన్నా. అప్పటికి మన దేశంలో ఆయన ఎవరికీ పెద్దగా తెలియదు, తర్వాత మాస్టర్‌షెఫ్ ఇండియా జడ్జి అయ్యాడు, న్యూయార్క్‌లోనే జునూన్ అనే రెస్టారెంట్‌కి మిషెలిన్ స్టార్ (గొప్ప హోటళ్ళకి ఇచ్చే గుర్తింపు) తెచ్చాడు. అంతటి చెయ్యి పడ్డా పూర్ణిమ ఇప్పుడు లేదు. ఎంత మంచి వంటవాడొచ్చినా మన్‌హట్టన్ అద్దె మన్‌హట్టన్ అద్దే.

ఇక్కడ మన తెలుగువాళ్ళు చాలామంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ నలుగురు కలిసి బిర్యానీ హోటల్ పెడతారు. పార్ట్‌నర్లలో ఒక్కడు కూడా వంటగదిలో ఉండడు. నేనూ ఒకదాంట్లో డబ్బు పెట్టాను. వీకెండ్ రెండు రోజులు ఫుల్, సోమవారం నుంచి గురువారం దాకా ఈగలు. రెండుసార్లు ఇంటీరియర్ మార్చాం, మూడోసారి అమ్మేశాం. సోమవారం జనం ఎందుకు రావడం లేదని ఒక్కసారి కూడా కూర్చుని మాట్లాడుకోలేదు.

సువాన్_నుంచి

కొరియాలో ఉంటాను. ఇక్కడ 2018 నుంచి 2021 దాకా ఎస్‌బీఎస్ ఛానల్‌లో 'బెక్ జోంగ్‌వన్ గల్లీ రెస్టారెంట్' అనే అర్థం వచ్చే షో నడిచింది. నాకు రామ్‌సే షోలన్నిటి కన్నా ఇదే నచ్చింది. ఒక్క హోటల్‌కి కాదు, జనం తగ్గిపోయిన ఒక వీధికే వెళ్తారు, అక్కడ మూడు నాలుగు చిన్న దుకాణాలు. షో నడిపే బెక్ జోంగ్‌వన్ వారాల తరబడి మళ్ళీ మళ్ళీ వస్తాడు. గోడలకి రంగులు తక్కువ, హోంవర్క్ ఎక్కువ. ఈ వారం మూడు ఐటమ్స్ మాత్రమే చెయ్యి, ఒక ప్లేటుకి ఎంత ఖర్చయిందో రాసి ఉంచు, నేనొచ్చి చూస్తాను అంటాడు. చెప్పింది చెయ్యకపోతే కోప్పడతాడు.

సియోల్‌లో హొంగున్ అనే పేటలో పోర్క్ కట్లెట్ చేసే భార్యాభర్తలు ఉండేవాళ్ళు. ఆయన తిని, ఇందులో నేను మార్చాల్సింది ఏమీ లేదు, మెనూ తగ్గించు చాలు అన్నాడు. షో వచ్చాక జనం రాత్రంతా రోడ్డు మీద పడుకుని క్యూలో ఉండేవాళ్ళు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు గోల భరించలేక ఫిర్యాదులు చేశారు. చివరికి 2019 డిసెంబర్‌లో ఆ దంపతులు దుకాణం ఎత్తేసి జేజు దీవికి వెళ్ళి మళ్ళీ పెట్టుకున్నారు. జనం రాకపోవడమే కాదు, ఒక్కసారిగా వచ్చి పడటం కూడా చిన్న హోటల్‌కి కష్టమే.

మెస్_భోజనం

సువాన్ గారు చెప్పినట్టే ఢిల్లీలో బాబా కా ధాబా అనే రోడ్డు పక్క చిన్న తిండి బండి. 2020 అక్టోబర్‌లో ఒక్క వీడియోతో దేశమంతా తెలిసింది, విరాళాలు వచ్చాయి, డిసెంబర్‌లో పెద్ద రెస్టారెంట్ తెరిచారు, 2021 ఫిబ్రవరికే మూసేసి పాత బండి దగ్గరికి వచ్చేశారు. జనం సెల్ఫీ కోసం ఒకసారి వస్తారు. రోజూ తినేవాడు వేరు. మా విజయవాడలో ముప్పై ఏళ్ళుగా నడుస్తున్న మెస్ ఒకటి ఉంది, గోడలకి సున్నం తప్ప ఏమీ ఉండదు, ఆకు వేస్తారు, పప్పు నెయ్యి వడ్డిస్తారు, కూర్చోడానికి చోటు దొరకదు.

కాకతీయ_తోరణం

అందరికీ దండాలు. బావని కూర్చోబెట్టి లెక్కలు రాయించాను, ముందు ఇష్టపడలేదు, అక్క దగ్గరుండి చెప్పించింది. నెల సగటు:

అమ్మకం 3,20,000. అద్దె 55,000. జీతాలు 1,10,000. సరుకు 1,45,000. గ్యాస్ 18,000. కరెంటు 14,000.

అంటే నెలకి 22 వేలు చేతి నుంచి. డెలివరీ యాప్ కమిషన్ పోగా వచ్చిన అమ్మకమే రాశాను. తెనాలి అమ్మాయి గారూ, బావకి వంట వచ్చు. నాటుకోడి, మటన్ ఆయన చేస్తే ఊళ్ళో పేరుంది. కానీ హోటల్‌లో మాత్రం కౌంటర్‌లో కూర్చుంటాడు, ఓనర్ వంటగదిలో ఉంటే బాగోదని. మెనూలో 142 ఐటమ్స్ ఉన్నాయి, నేనే లెక్కపెట్టాను.

కూకట్‌పల్లి_కర్రీపాయింట్

బ్రదర్, దొరికింది. మీ సరుకు అమ్మకంలో 45 శాతం. మన లైన్‌లో 33, 35 దాటకూడదు. 35కి తెస్తే సరుకు 1,12,000, అంటే నెలకి 33 వేలు మిగులు. మీ 22 వేల నష్టం పోయి పదకొండు వేలు పైన ఉంటుంది, ఒక్క పెయింట్ డబ్బా కొనకుండా. ఆ పది శాతం ఎక్కడికి పోతోంది అంటే మూడే దారులు: పారేస్తున్నారు, ప్లేటులో ఎక్కువ పెడుతున్నారు, లేదా వెనక గుమ్మం నుంచి పోతోంది. ఎవరినీ అనుమానించే ముందు వారం రోజులు చెత్తబుట్ట తూకం వెయ్యండి. నిజంగా చెప్తున్నాను, తూకం రాయి పెట్టి తూచండి.

12 లక్షలు ఐదేళ్ళకి 14 శాతం వడ్డీకి తీసుకుంటే నెల కంతు దాదాపు 28 వేలు. ఇప్పుడున్న 22 వేల నష్టం మీద అది కలిస్తే నెలకి 50 వేలు. అక్కగారి నగలు ఆరు నెలలు కూడా ఆగవు. దయచేసి ఆపండి.

అద్దె 17 శాతం, అది కూడా ఎక్కువే. బిల్డింగ్ ఓనర్‌తో మాట్లాడి చూడండి, ఖాళీగా ఉంచుకోవడం కన్నా ఐదువేలు తగ్గించడమే ఆయనకీ మేలు.

తెనాలి_అమ్మాయి

మీ బావగారు వంటగదిలోకి వెళ్ళాలి. నాటుకోడి ఆయనే చేస్తే, అది ఊళ్ళో అందరికీ తెలిస్తే, అంతకన్నా పెద్ద మేకోవర్ ఏముంది. ఓనర్ వంటచేస్తే చిన్నతనం కాదని అక్కతో చెప్పించండి. మా నాన్న పెనం ముందు నిలబడ్డన్నాళ్ళూ ఎవరూ తక్కువగా చూడలేదు.

పాత_సర్వర్

జీతాలు 1,10,000లో కోత పెట్టకండి. మెనూ తగ్గిస్తే పని తగ్గుతుంది, ఎవరినైనా తీసేయాల్సి వస్తే నెల ముందు చెప్పండి. అలాగే ఏ టేబుల్ మీద ఏ ఐటమ్ వదిలేసి వెళ్తున్నారో సర్వర్లని అడగండి. వాళ్ళకి అన్నీ తెలుసు, ఎవరూ అడగరు.

కాకతీయ_తోరణం

వారం తర్వాత వస్తున్నాను. సర్వర్లని అడిగాం. ఫ్రైడ్ రైస్ సగం ప్లేటు వదిలేస్తున్నారట, క్వాంటిటీ ఎక్కువ, రుచి తక్కువ. పనీర్ ఐటమ్స్ పదహారు ఉంటే రోజుకి అన్నీ కలిపి నాలుగు పోతున్నాయి. చెత్త తూచాం, ఏడు రోజులకి 41 కిలోలు, అందులో అన్నమే సగానికి పైన. బావ ఆ కాగితం చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

లోన్ ఫైల్ వెనక్కి తీసుకున్నాం. ఒకటో తారీఖు నుంచి 24 ఐటమ్స్. మాస్టర్లలో ఒకాయన తనే వేరే చోట చూసుకుంటానన్నారు, నెల జీతం ముందే ఇస్తున్నాం. ప్లైవుడ్ పని గారూ, ఎగ్జాస్ట్ ఒక్కటి మార్పిద్దామనుకుంటున్నాం, 40 సీట్ల హోటల్ వంటగదికి ఎంత సైజు ఫ్యాన్ కావాలి, ఎంతవుతుందో చెప్పగలరా? ఆదివారం నాటుకోడి బావే చేస్తున్నాడు. అక్క పొద్దున్నే వెళ్ళి మసాలా నూరి ఇచ్చింది.

ప్లైవుడ్_పని

వంటగది పొడవు, వెడల్పు, ఎత్తు, పొయ్యిలు ఎన్ని, గొట్టం బయటికి వెళ్ళే గోడ ఎటువైపు ఉందో మెసేజ్ చెయ్యండి. కొలతలు లేకుండా సైజు చెప్పడం తప్పు. ఫోటో ఉంటే ఇంకా మంచిది.